పెట్టుబడిదారీ విధానం – సోషలిజం : ఒక రైతుబిడ్డ పరిశీలన

ఎన్నికలు వచ్చినా, బడ్జెట్ వచ్చినా, ఉత్త పుణ్యానికి హాస్టల్లో రాత్రి కరెంటు పోయినా మన విద్యార్థుల మధ్య మొదలయ్యే చర్చ చివరికి ఒక్క చోటికే చేరుతుంది. పెట్టుబడిదారీ విధానం మంచిదా, సోషలిజం మంచిదా? ఒకడు అమెరికా పేరెత్తుతాడు, ఇంకొకడు రష్యా పేరెత్తుతాడు, మూడోవాడు చైనా అంటాడు. అరగంట గడిచేసరికి విషయం ఎటో పోయి గొంతులు మాత్రమే మిగులుతాయి. ఈ రెండు మాటలకూ అసలు అర్థమేమిటి, ఆ విధానాలు ఆచరణలో ఎలా నడిచాయి, వాటి మధ్య మనలాంటి వాళ్లం ఎక్కడ ఉన్నాం అన్నది నిదానంగా చూడాలన్న కోరికే ఈ వ్యాసానికి కారణం.

నేను అర్థశాస్త్ర విద్యార్థిని కాను. భౌతిక, రసాయన శాస్త్రాలు చదువుకుంటున్నవాణ్ణి. మా లెక్చరర్లు “నీకెందుకోయ్ ఈ గొడవ?” అనవచ్చు. కాని మాది వ్యవసాయ కుటుంబం. పంట అమ్మిన ప్రతి ఏడూ మా ఇంట్లో ఒకే ప్రశ్న వస్తుంది: మనం పండించినదానికి ధర పెట్టేది ఎవరు? ఆ ప్రశ్న వెంట నడిచి వెళ్తే తేలేది ఈ రెండు విధానాల దగ్గరే. కాబట్టి ఇది నాకు పరీక్షకు సంబంధించిన విషయం కాదు, బతుకుకు సంబంధించిన విషయం.

నాలుగు ప్రశ్నలు

ఏ సమాజమైనా, అది ఆదిమవాసుల గూడెమైనా, అణుశక్తి కలిగిన దేశమైనా, మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుకోక తప్పదని అర్థశాస్త్ర పుస్తకాలు చెబుతాయి. ఏ వస్తువులు ఉత్పత్తి చేయాలి? ఎలా ఉత్పత్తి చేయాలి? ఎవరికోసం ఉత్పత్తి చేయాలి? భూమి, శ్రమ, యంత్రాలు, కాలం — ఇవన్నీ పరిమితమే గదా. ఒక ఎకరంలో వరి వేస్తే అదే ఎకరంలో అదే కారులో పత్తి వేయలేం. ఒకటి ఎంచుకోవడమంటే మరొకటి వదులుకోవడమే.

ఈ మూడింటికీ నేనొక నాలుగో ప్రశ్న కలుపుతున్నాను. లెక్క తప్పి నష్టం వస్తే దాన్ని ఎవరు భరించాలి? పుస్తకాలలో దీనికి అంత చోటు దొరకదు గాని, పల్లెటూళ్లలో మొదట అడిగేది ఇదే.

పెట్టుబడిదారీ విధానం: ధర అనే సంకేతం

భూమి, కర్మాగారాలు, యంత్రాలు మొదలైన ఉత్పత్తి సాధనాలు వ్యక్తుల సొంత ఆస్తిగా ఉండి, లాభం కోసం ఉత్పత్తి జరిగి, శ్రమ కూలికి కొనబడే విధానాన్ని పెట్టుబడిదారీ విధానం అంటాం. ఇందులో ఏం తయారు చేయాలో ఎవరూ ఎవరికీ ఆజ్ఞాపించరు. 1776లో ఆడమ్ స్మిత్ తన గ్రంథంలో చెప్పిన మూల విషయం ఇదే: ఎవరి స్వలాభం వారు చూసుకుంటున్నా, పోటీ ఉన్నప్పుడు దానివల్ల సమాజానికీ మేలు జరిగే అవకాశం ఉంది.

మరి ఎవరూ చెప్పకుండా ఇంతమంది పనులు ఎలా పొందిక పడతాయి? ధర ద్వారా. హేయక్ అనే ఆర్థికవేత్త 1945లో రాసిన ఒక వ్యాసంలో తగరాన్ని ఉదాహరణగా తీసుకున్నాడు. ప్రపంచంలో ఎక్కడో తగరం కొరత వచ్చిందనుకుందాం. గని మూతపడిందా, కొత్త వాడకం పుట్టిందా అన్న సంగతి డబ్బాలు చేసే కర్మాగారానికి తెలియనక్కరలేదు. ధర పెరిగిందని తెలిస్తే చాలు, వాళ్లంతట వాళ్లే పొదుపుగా వాడతారు. వేలమంది దగ్గర చెల్లాచెదురుగా ఉన్న సమాచారం ఒక్క అంకెలో ఇమిడి అందరికీ చేరుతుందన్నమాట.

రసాయనశాస్త్ర విద్యార్థికి ఇది వింటే లీ షాట్లియర్ నియమం గుర్తుకు రాక మానదు. సమతాస్థితిలో ఉన్న వ్యవస్థపై ఒత్తిడి తెస్తే, ఆ ఒత్తిడిని తగ్గించే దిశగా వ్యవస్థ జరుగుతుంది. గిరాకీ పెరిగితే ధర పెరుగుతుంది, ధర పెరిగితే ఉత్పత్తి పెరుగుతుంది, మళ్లీ ధర దిగుతుంది. ఈ విధానం బలం ఇదే. దీని ఉత్పత్తి శక్తిని అందరికంటే గట్టిగా గుర్తించినవాళ్లు దీని శత్రువులే. 1848 నాటి కమ్యూనిస్టు ప్రణాళికలో మార్క్స్, ఎంగెల్స్‌లు బూర్జువా వర్గం వందేళ్లలోపే సాధించిన ఉత్పత్తిని చూసి ఆశ్చర్యపోయిన మాట చాలామంది మరచిపోతారు.

సంకేతం వినిపించని చోట

అయితే ఈ యంత్రానికి చెవుడు ఉంది. అది డబ్బు మాట వింటుంది గాని ఆకలి మాట వినదు. 1943 బెంగాల్ కరువులో సుమారు 30 లక్షలమంది చనిపోయారు. ధాన్యం మొత్తంమీద తరిగిపోవడమే దానికి అసలు కారణం కాదని అమర్త్య సేన్ 1981లో తన పుస్తకంలో వాదించారు. యుద్ధకాలంలో బియ్యం ధర విపరీతంగా పెరిగింది, వ్యవసాయ కూలీల కూలి పెరగలేదు, ఆనాటి పరాయి ప్రభుత్వం ఆదుకోలేదు. అంగట్లో బియ్యం ఉండగానే కొనలేనివాడు వీధిలో పడి చనిపోయాడు. మార్కెట్టు లెక్క ప్రకారం అతడికి “గిరాకీ” లేదు. ఎందుకంటే జేబులో డబ్బులేని ఆకలిని గిరాకీ అనరు.

రెండో లోపం ఒడుదొడుకులు. 1929 అక్టోబరులో న్యూయార్క్ షేర్ మార్కెట్టు కూలింది. 1933 నాటికి అమెరికాలో పనిచేయగలవారిలో సుమారు నాలుగో వంతు మందికి పనిలేదు. పట్నాల్లో జనం ఉచిత రొట్టె కోసం బారులు తీరి ఉండగా, పల్లెల్లో పంటకు ధర లేదు. ధర నిలబెట్టడం కోసం 1933లోనే అక్కడి ప్రభుత్వం మొలిచిన పత్తిని దున్నించింది, 60 లక్షల పందిపిల్లల్ని కొని చంపించింది. ఒకపక్క ఆకలి, ఇంకోపక్క తిండి నాశనం! ఈ అసంబద్ధతకు మందు వెతుకుతూనే కీన్స్ 1936లో తన సిద్ధాంతాన్ని ప్రకటించాడు. మార్కెట్టు తనంతట తాను లేవలేనప్పుడు ప్రభుత్వం ఖర్చుపెట్టి లేపాలన్నాడు. 2008 సెప్టెంబరులో లేమన్ బ్రదర్స్ బ్యాంకు పడిపోయినప్పుడు ప్రపంచమంతా మళ్లీ ఆ మందే వెతుక్కుంది.

మూడో విషయం క్లుప్తంగా. బ్రిటన్ నూలు మిల్లుల్లో తొమ్మిదేళ్లలోపు పిల్లల చేత పని చేయించకూడదని 1833లో చట్టం చేయవలసి వచ్చింది. చట్టం చేయవలసి వచ్చిందంటే అప్పటిదాకా చేయించారనే అర్థం. ఈ విధానంలో వచ్చిన మంచి మార్పులు చాలావరకు దాని లోపలినుంచి రాలేదు. కార్మిక సంఘాలు, ఓటు హక్కు, చట్టం బయటినుంచి మెడ వంచితే వచ్చాయి.

సోషలిజం: ప్రణాళిక అనే సమీకరణం

సోషలిజం అంటే ఉత్పత్తి సాధనాలు సమాజం సొత్తుగా ఉండి, లాభానికి బదులు అవసరం కోసం ఉత్పత్తి జరిగే విధానం. ఈ పేరుతో అనేక ఆలోచనలు ఉన్నాయి. 1867లో పెట్టుబడి గ్రంథం మొదటి భాగంలో మార్క్స్ చెప్పిన అదనపు విలువ సిద్ధాంతం వాటిలో ప్రధానమైనది. కూలీ రోజంతా పనిచేసి సృష్టించే విలువ, అతనికి ముట్టే కూలికంటే ఎక్కువ. ఆ తేడా యజమాని చేతికి పోతుంది. యజమాని దుర్మార్గుడు కావడం వల్ల కాదు, యంత్రం అతనిది కావడం వల్ల. కాబట్టి యంత్రం ఎవరిదన్నదే అసలు ప్రశ్న అన్నాడు మార్క్స్.

1917 విప్లవం తర్వాత రష్యాలో ఈ ఆలోచన ఆచరణకు వచ్చింది. 1921లో గోస్‌ప్లాన్ అనే ప్రణాళికా సంఘం ఏర్పడింది. 1928లో మొదటి పంచవర్ష ప్రణాళిక మొదలైంది. మనం రసాయన సమీకరణాన్ని తుల్యం చేసినట్టే వాళ్లు దేశాన్ని తుల్యం చేయాలని చూశారు. ఇంత ఉక్కు కావాలంటే ఇంత బొగ్గు, ఆ బొగ్గు తవ్వడానికి ఇంత ఉక్కు, రెండింటినీ మోయడానికి ఇన్ని రైలు పెట్టెలు. ఎడమపక్కా కుడిపక్కా సరిపోవాలి. పది పదార్థాలతో సమీకరణం తుల్యం చేయమంటేనే మనకు చెమటలు పడతాయి. వాళ్లు వేల వస్తువులకు చేయవలసి వచ్చింది.

ఇక్కడొక గొప్ప విశేషం చెప్పాలి. 1938లో కాంటరోవిచ్ అనే యువ సోవియట్ గణిత శాస్త్రజ్ఞుడికి ప్లైవుడ్ ట్రస్టు వాళ్లు ఒక లెక్క ఇచ్చారు. ఉన్న యంత్రాలను ఏ పనికి ఎంతసేపు వాడితే ఎక్కువ ఉత్పత్తి వస్తుంది? దాన్ని సాధిస్తూ అతడు కనిపెట్టిన పద్ధతినే ఇప్పుడు లీనియర్ ప్రోగ్రామింగ్ అంటున్నాం. 1975లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఆ లెక్కలో ప్రతి పరిమిత వనరుకూ ఒక విలువ తనంతట తానే బయటపడుతుంది. ఆ వనరు ఇంకొక పాలు దొరికితే ఎంత లాభమో చెప్పే అంకె అది. అంటే ఏమన్నమాట? మార్కెట్టును తలుపులోంచి పంపేసినా, ధర వంటిదేదో కిటికీలోంచి మళ్లీ వచ్చింది. కొరతగా ఉన్నదానికి విలువ కట్టకుండా ఏ విధానమూ నడవదని ఒక సోషలిస్టు దేశపు గణితవేత్తే నిరూపించాడు. నేను చదివిన వాటిలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసిన సంగతి ఇది.

సాధించినవి – చేజారినవి

సోవియట్ విధానం ఏమీ సాధించలేదనడం అన్యాయం. అక్షరాలు రాని రైతులతో నిండిన దేశం 1957 అక్టోబరు 4న ప్రపంచంలో మొదటి కృత్రిమ ఉపగ్రహాన్ని, 1961 ఏప్రిల్ 12న మొదటి మనిషిని అంతరిక్షంలోకి పంపింది. నిరుద్యోగం లేకుండా చేసింది. చదువు, వైద్యం అందరికీ అందించింది. మన భిలాయి ఉక్కు కర్మాగారం వెనుకా వాళ్ల సాయం ఉంది. చౌక ధరకు మన తెలుగులోకి కూడా వచ్చిన ఆ దేశపు పుస్తకాలను మన పెద్దలు ఇప్పటికీ తలచుకుంటారు. ఆ దేశం 1991 డిసెంబరులోనే అంతరించినా, ఇరోడోవ్ భౌతికశాస్త్ర లెక్కల పుస్తకం మాత్రం మన హాస్టల్ గదుల్లో ఇంకా బతికే ఉంది!

మరి ఎక్కడ చెడింది? సంకేతం దగ్గర. కర్మాగారానికి ఇన్ని టన్నులు చేయమని లక్ష్యం ఇస్తే, బరువైన సరుకు చేసి లక్ష్యం తీర్చేస్తారు. దీపాల గుత్తులు అందంగా కాక బరువుగా తయారవుతున్నాయని క్రుశ్చేవే ఎత్తిపొడవవలసి వచ్చింది. రొట్టె ధరను ప్రభుత్వం ఎంత తక్కువగా ఉంచిందంటే, కొందరు పశువులకు ధాన్యానికి బదులు రొట్టె కొని పెట్టేవారు. పేదవాడి మేలుకోసం పెట్టిన ధరే అయినా అది చెప్పిన కబురు మాత్రం తప్పు. నష్టం వచ్చిన కర్మాగారాన్ని ప్రభుత్వం ఎలాగూ ఆదుకుంటుంది కాబట్టి ఎవరికీ జాగ్రత్త అవసరం లేకపోయిందని హంగరీ ఆర్థికవేత్త కోర్నాయ్ 1980లో విశ్లేషించాడు. కొరత అనేది ఆ విధానంలో ప్రమాదవశాత్తూ వచ్చింది కాదు, దాని స్వభావంలోనే ఉందన్నాడు.

ఇంకొకటి. ధర అనే సంకేతాన్ని తీసేసినప్పుడు కనీసం మనిషి నోరు తెరిచి చెప్పుకునే సంకేతమైనా ఉండాలి. అక్కడ అదీ లేదు. పత్రిక రాయలేదు, ఓటు మార్చలేదు.

రెండు విధానాల్లోనూ రైతు

ఇప్పుడు నేను అసలు విషయానికి వస్తాను. రెండు పక్షాలవాళ్లూ వాదించుకునేటప్పుడు కర్మాగారం గురించే మాట్లాడతారు. ఆ కర్మాగారం కట్టడానికి మొదటి పెట్టుబడి ఎక్కడినుంచి వచ్చిందని అడగరు.

ఇంగ్లండులో 18, 19 శతాబ్దాల్లో పార్లమెంటు చట్టాల మీద చట్టాలు చేసి ఊరుమ్మడి భూములకు కంచెలు వేయించింది. పశువులు మేపుకునే చోటు, పుల్లలు ఏరుకునే చోటు పోయిన చిన్న రైతు పట్నం దారి పట్టాడు. మిల్లుకు కూలీ దొరికాడు. ఇది పెట్టుబడిదారీ విధానపు పునాది.

సోషలిస్టు రష్యాలోనూ అంతే. 1923లో అక్కడ “కత్తెర సంక్షోభం” వచ్చింది. కర్మాగారపు సరుకుల ధరలు పైకీ, పంటల ధరలు కిందికీ పోతుంటే గ్రాఫులో ఆ రెండు గీతలూ తెరిచిన కత్తెరలా కనిపించాయి. దానికి ఆ పేరు. పరిశ్రమలకు కావలసిన పెట్టుబడిని వ్యవసాయం నుంచే లాగాలని ప్రియొబ్రజెన్‌స్కీ అనే ఆర్థికవేత్త సిద్ధాంతం చేశాడు. 1929 నుంచి స్టాలిన్ దాన్ని బలవంతంగా అమలు జరిపాడు. పొలాలు సమష్టి క్షేత్రాలయ్యాయి, ధాన్యం లెవీగా పోయింది. 1932–33లో ఉక్రెయిన్, కజకిస్తాన్ మొదలైన చోట్ల లక్షలాది రైతు కుటుంబాలు తాము పండించిన గింజ తమకు లేక చనిపోయాయి. ఆ తర్వాత కూడా రైతు మనసు సమష్టి పొలంమీద నిలవలేదు. ఇంటి వెనుక సొంతానికి వదిలిన చిన్న పెరళ్లు సాగుభూమిలో సుమారు 3 శాతమే అయినా, మొత్తం వ్యవసాయోత్పత్తిలో సుమారు నాలుగో వంతు వాటినుంచే వచ్చేది. ఒకప్పుడు ధాన్యం ఎగుమతి చేసిన దేశం 1972లో అమెరికానుంచి పెద్దఎత్తున ధాన్యం కొనుక్కుంది.

ఒకచోట కంచె, ఒకచోట లెవీ. పేర్లు వేరు. రెండుచోట్లా రైతు వీపు మీదుగానే దేశం పరిశ్రమల ఒడ్డుకు చేరింది.

ఒక ఊరి ఒప్పందం

చైనా కథ మరింత ఆలోచించదగ్గది. 1958లో అక్కడ కమ్యూన్లు ఏర్పడ్డాయి. ఉక్కులోనూ ధాన్యంలోనూ ఒక్క ఊపున ముందుకు దూకాలన్నారు. కిందివాళ్లు భయపడి దిగుబడులు పెంచి రాశారు, పైవాళ్లు ఆ కాగితాలు నమ్మి ధాన్యం పట్టుకుపోయారు. 1959–61 కరువులో చనిపోయినవారి సంఖ్య ఒకటిన్నర కోట్లనుంచి నాలుగు కోట్ల పైదాకా ఉంటుందని వేర్వేరు అంచనాలున్నాయి.

1978 చివర అన్హుయ్ రాష్ట్రంలోని షియావ్‌గాంగ్ అనే చిన్న ఊళ్లో 18 మంది రైతులు రహస్యంగా ఒక కాగితం రాసుకున్నారు. కమ్యూన్ భూమిని కుటుంబాలవారీగా పంచుకుందాం, ప్రభుత్వానికి ఇవ్వాల్సింది ఇచ్చేసి మిగిలింది మనం ఉంచుకుందాం, ఎవరైనా జైలుకు పోతే వాళ్ల పిల్లల్ని 18 ఏళ్లు వచ్చేదాకా మిగతావాళ్లం పెంచుదాం అని. మరుసటి ఏడు పంట ఎన్నో రెట్లు పెరిగింది. పైవాళ్లు శిక్షించలేదు సరిగదా, డెంగ్ సియావోపింగ్ కాలంలో ఆ పద్ధతినే దేశమంతా అమలు చేశారు. కొద్ది సంవత్సరాల్లోనే కమ్యూన్లు కనుమరుగయ్యాయి. తర్వాతి నలభై ఏళ్లలో చైనాలో సుమారు 80 కోట్లమంది కటిక పేదరికంనుంచి బయటపడ్డారని ప్రపంచ బ్యాంకు లెక్క.

దీన్ని పెట్టుబడిదారీ విధానపు గెలుపు అని కొందరు చప్పట్లు కొడతారు. కొంచెం ఆగి చూడాలి. ఆ భూమి నేటికీ రైతు సొంత ఆస్తి కాదు, ఊరుమ్మడి ఆస్తే. అమ్ముకోవడానికి వీల్లేదు, సాగు హక్కు మాత్రం ఉంది. భూమిలేని కుటుంబమంటూ లేకుండా పంపకం జరిగింది గనకనే ఆ పెరిగిన పంట ఇంటింటికీ చేరింది. అంటే పంపకం సోషలిజానిది, ప్రోత్సాహం మార్కెట్టుది. రెండూ కలిసినచోట గింజ పండింది.

మన మిశ్రమ విధానం – మా చేను

మనదేశం మొదటినుంచీ మధ్యదారి పట్టింది. 1955 ఆవడి కాంగ్రెసులో సోషలిస్టు తరహా సమాజం అన్నారు. 1956 పారిశ్రామిక విధాన తీర్మానంలో 17 పరిశ్రమలను ప్రభుత్వానికి కేటాయించారు. 1969లో 14 బ్యాంకులు జాతీయమయ్యాయి. 1976లో రాజ్యాంగ పీఠికలో “సోషలిస్టు” అనే మాట చేరింది. 1991లో దిశ మార్కెట్టు వైపు తిరిగింది. 2015 జనవరిలో ప్రణాళికా సంఘం స్థానంలో నీతి ఆయోగ్ వచ్చింది. మన రాష్ట్రంలో 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చి పేదవాడి కుండలోకి అన్నం తెచ్చింది. అది మార్కెట్టు ఇచ్చింది కాదు, ప్రభుత్వం ఇచ్చింది.

ఈ మిశ్రమం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఢిల్లీ దాకా పోనక్కరలేదు. మా చేలోకి వస్తే చాలు. మాది పల్నాడు. రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. కాలవ కింద వరి, నల్లరేగడిలో మిర్చి. గట్టుకు ఆ పక్క ఒక విధానం, ఈ పక్క ఇంకో విధానం.

మిర్చి పూర్తిగా మార్కెట్టు. 2023లో క్వింటాలు 20 వేలు దాటి పలికింది. ఆ ధర చూసి అందరూ మిరప నాటారు. ఎవరూ ఎవరినీ అడగలేదు. 2025 మొదట్లో ధర 11–12 వేలకు దిగజారింది. కేంద్ర ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో మార్కెట్టు జోక్యం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించవలసి వచ్చింది. మా లెక్క చెబుతాను. కౌలుతో సహా ఎకరాకు పెట్టుబడి 2,30,000. దిగుబడి 18 క్వింటాళ్లు. మా నాన్న క్వింటాలు 11 వేల చొప్పున అమ్మితే వచ్చింది 1,98,000. ఎకరాకు 32,000 నష్టం. అదే కాయ, అదే చెమట, 20 వేల ధర ఉంటే ఎకరాకు 1,30,000 మిగిలేది. అర్థశాస్త్రంలో దీన్ని సాలెగూడు సిద్ధాంతం అంటారట. లీ షాట్లియర్ నియమం ప్రకారం వ్యవస్థ సమతాస్థితికి వస్తుంది, నిజమే. కాని పరీక్షనాళికలో సమతాస్థితి రావడానికి క్షణాలు పడుతుంది, చేలో ఏడాది పడుతుంది. ఈలోపల వడ్డీ ఆగదు.

ఇప్పుడు నా నాలుగో ప్రశ్న. ఆ నష్టం ఎవరు భరించారు? పొలం ఆసామికి కౌలు ముందే ముట్టింది. పురుగుమందుల కొట్టుకు బాకీ ముట్టింది. కమీషన్ కొట్టుకు కమీషనూ వడ్డీ ముట్టాయి. కాయ కోసిన కూలీలకు కూలి ఇవ్వాల్సిందే, వాళ్లూ మాలాంటివాళ్లే. చివరికి నష్టమంతా మా నాన్నది. లాభం వస్తే అందరూ పంచుకునే విధానంలో నష్టానికి మాత్రం సొంతదారు ఒక్కడే!

ఇక వరి. దీనికి ధర నాట్లకు ముందే తెలుస్తుంది. సాధారణ రకం క్వింటాలుకు మద్దతు ధర 2024–25లో 2,300, 2025–26లో 2,369 రూపాయలు. ఇంత నిశ్చింత మిర్చిలో కలలో కూడా దొరకదు. కాని ఈ పక్క సోషలిజానికీ తాళం ఉంది. తేమ 17 శాతం మించకూడదు. పంట నమోదులో పేరుండాలి. కౌలు రైతుకు సాగుదారు హక్కు పత్రం ఇవ్వాలంటే 2019 చట్టం ప్రకారం భూయజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. మా కౌలు పొలం ఆసామి పెట్టలేదు. చట్టం వస్తే భూమి పోతుందేమోనని వాళ్ల భయం వాళ్లది. దాంతో ఆ ధాన్యం దళారికి తక్కువకు పోయింది. ధర పెట్టింది ప్రభుత్వం, కాగితంలో పేరు ఆసామిది, చెమట మాది. దేశం మొత్తంమీద మద్దతు ధర మేలు పొందుతున్న రైతులు 6 శాతమేనని 2015లో శాంతకుమార్ కమిటీ తేల్చింది.

ఇంకో సంగతి గమనించండి. 2023 జులైలో బియ్యం ధర పెరగకుండా ఉండేందుకు బాసుమతేతర తెల్లబియ్యం ఎగుమతి నిషేధించారు. 2024 సెప్టెంబరులో ఎత్తేశారు. పట్నంలో కొనేవాడికి అది మేలే, కాదనను. కాని ధర పెరిగే రోజున ప్రభుత్వం గేటు వేస్తుంది, ధర పడే రోజున మార్కెట్టును నమ్ముకోమంటుంది. కత్తెర రష్యాలోనే లేదు.

మూడో దారి ఉందా?

ప్రభుత్వమూ కాక, షావుకారూ కాక, రైతులే కలిసి నడుపుకునే సహకార పద్ధతి ఒకటి ఉంది. గుజరాత్‌లో 1946లో ఖేడా జిల్లా పాల రైతులు మొదలుపెట్టినదే నేటి అమూల్. తెలంగాణలో ముల్కనూరు సహకార సంఘం 1956లో పుట్టింది. సభ్యులకు అప్పు ఇస్తుంది, ఎరువు ఇస్తుంది, పంట కొంటుంది. లాభం సభ్యులదే, నష్టం వస్తే అదీ పదిమంది మధ్య పలచబడుతుంది. ఇక్కడ మార్కెట్టు ధర అనే సంకేతం చెడలేదు, నష్టం ఒక్కడి నెత్తిన పడలేదు. అయితే సహకార సంఘాలన్నీ ఇలా లేవు. రాజకీయం చొరబడినచోట, లెక్కలు సభ్యులకు చూపనిచోట అవి దివాలా తీశాయి. సంఘం ఎవరిదన్నది బోర్డు మీద కాదు, సర్వసభ్య సమావేశంలో తేలుతుంది.

ముగింపు

స్వీడన్ వంటి దేశాలను సోషలిస్టు దేశాలని కొందరు, పెట్టుబడిదారీ దేశాలని కొందరు అంటారు. అక్కడ కర్మాగారాలు ప్రైవేటువే, పన్నులు మాత్రం ఎక్కువ, చదువు వైద్యం అందరివీ. మన సావనీరే చూడండి. అందరి దగ్గరా సమానంగా వసూలు చేసిన యూనియన్ ఫీజుతో సగం, ఊళ్లో దుకాణాల ప్రకటనలతో సగం అచ్చవుతుంది. దీన్ని ఏ విధానం అనాలి? కాబట్టి పేరు పట్టుకుని కొట్టుకోవడంలో అర్థం లేదు.

నా అభిప్రాయం ఇది. ధర చెప్పే కబురును చెరిపేసిన విధానం చివరికి కొరతతో కూలిపోయింది. ధర చెప్పిందే వేదమని నమ్మిన విధానం బతకలేనివాణ్ణి వీధిలో వదిలింది. కబురు మార్కెట్టును చెప్పనివ్వాలి. ఆ కబురు చేదుగా ఉన్నప్పుడు దాని దెబ్బ పదిమంది కాసుకునే ఏర్పాటు సమాజం చేయాలి. పంటల బీమా, కౌలుదారుకు అతని పేరుతోనే గుర్తింపు, నిజమైన సహకార సంఘాలు, గోదాములు — ఇవేమీ విప్లవాలు కావు, పెద్ద సిద్ధాంతాలూ కావు. కాని ఇవి లేనిచోట ఏ సిద్ధాంతం గెలిచినా ఓడేది రైతూ కూలీనే.

ఇకమీదట మిత్రులెవరైనా ఈ రెండింటిలో ఏదో ఒకటి గొప్పదని వాదిస్తే, కాదనకుండా ఒక్క ప్రశ్న వేయండి: “బాగుంది గాని, నష్టం వచ్చిన ఏడు అది ఎవరి ఇంటికి పోతుంది?” దానికి నిజాయితీగా జవాబు చెప్పగలిగిన విధానం ఏదైతే, దాని పేరు ఏదైనా సరే, నా ఓటు దానికే.